మూడు మాత్రలకూ దిగని బీపీ: గురకను ఎలా పట్టుకోవాలి, మాస్కును ఎలా అలవాటు చేసుకోవాలి

నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు రెండు. ఒకటి: "మూడు రకాల బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, పచ్చళ్ళు మానేశాను, రోజూ నడుస్తున్నాను. అయినా పొద్దున లేవగానే 160 ఉంటోంది. ఎందుకు?" రెండోది: "గురక మిషన్ (నిద్రలో మాస్కు గుండా గాలి పంపేది) కొన్నాను. పది రోజులు కూడా పెట్టుకోలేకపోయాను, అటక మీద పడేశాను. ఇప్పుడేం చేయాలి?" మొదటి ప్రశ్నతో వచ్చినవాళ్ళే కొన్నాళ్ళకు రెండో ప్రశ్నతో మళ్ళీ వస్తుంటారు. అందుకని రెండింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

నేను డాక్టర్ని కాను. ఆరేళ్ళుగా ముక్కుకు మాస్కు తగిలించుకుని పడుకుంటున్న బీపీ పేషెంటుని. మాత్రలు పెంచడం, తగ్గించడం, ఆపడం మీ డాక్టరు పని. ఆ సలహా ఇక్కడ వెతక్కండి.

అసలు జరిగేదేమిటో నాలుగు ముక్కల్లో చెప్తాను. నిద్రలో గొంతు కండరాలు వదులవుతాయి. కొందరిలో నాలుక, అంగిలి వెనక్కి జారి గాలి దారిని మూసేస్తాయి. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది, మెదడు కంగారుపడి లేపుతుంది, ఒక పెద్ద గురకతో గొంతు తెరుచుకుంటుంది. ఆ క్షణంలో గుండె దడదడలాడి బీపీ ఒక్కసారిగా పైకి లేస్తుంది. మెలకువ వచ్చిన సంగతి మీకు గుర్తుండదు. గంటకు ముప్పైసార్లు ఇలా జరుగుతుంటే, రెండు నిమిషాలకోసారి ఎవరో తట్టి లేపుతున్నట్టే. ఆ కంగారు తెల్లారాక కూడా పూర్తిగా దిగదు. దీన్నే స్లీప్ అప్నియా అంటారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ళ తరబడి కొందరి నిద్రను గమనించి 2000లో ఒక లెక్క ప్రచురించారు. ఊపిరి ఆటంకాలు అసలు లేనివాళ్ళతో పోలిస్తే, గంటకు 15కి పైగా ఉన్నవాళ్ళలో నాలుగేళ్ళకు బీపీ ఉండే అవకాశం దాదాపు మూడు రెట్లు తేలింది.

సిద్ధాంతం ఇంతటితో సరి. పనిలోకి వెళ్దాం.

ముందుగా కావలసినవి

- జబ్బకు పట్టీ చుట్టే డిజిటల్ బీపీ మిషన్. మణికట్టుకు కట్టేది వద్దు.
- దర్జీ వాడే కొలత టేపు.
- ఒక నోటు పుస్తకం. ఫోన్లో రాసుకున్నా సరే, డాక్టరుకు చూపించడానికి కాగితమే సుఖం.
- వీడియో తీసే ఫోను.
- మీ గదిలోనే పడుకునే మనిషి. ఈ మొత్తంలో అన్నిటికన్నా విలువైన సాధనం ఇదే.
- మీరు వేసుకునే అన్ని మందుల జాబితా. మోకాళ్ళ నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకునేవి, నాటు మందులు, పొడులు కూడా అందులో ఉండాలి.

1. బీపీ నిజంగానే ఎక్కువుందా అని తేల్చుకోండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. తలనొప్పి వచ్చినప్పుడో, ఇంట్లో గొడవైనప్పుడో చూసుకుని "180 వచ్చింది" అంటారు. అది కొలత కింద లెక్కకు రాదు.

వరసగా ఏడు రోజులు, రోజుకు రెండు పూటలు చూడాలి. పొద్దున లేచిన గంటలోపు, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక, కాఫీకి, టిఫినుకు, మాత్రకు ముందు ఒకసారి. రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి. ప్రతిసారీ ఒక నిమిషం తేడాతో రెండు రీడింగులు తీసుకుని రెండూ రాయండి.

కూర్చునే తీరు ముఖ్యం. వీపుకు ఆనుకునే కుర్చీ, రెండు పాదాలూ నేల మీద, కాలు మీద కాలు వేయకూడదు. చేతిని బల్ల మీద ఆనించి, పట్టీ గుండె ఎత్తులో ఉండేలా చూడండి. అలా ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చున్నాకే బటన్ నొక్కాలి. టీవీలో వార్తల చర్చ నడుస్తుంటే కట్టేయండి, హాస్యానికి అనడం లేదు. పట్టీని చొక్కా చేతి మీదుగా చుట్టకూడదు, చర్మం మీదే ఉండాలి.

పట్టీ సైజు సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. టేపుతో మీ జబ్బ మధ్యలో చుట్టుకొలత తీయండి. మామూలుగా మిషన్‌తో వచ్చే పట్టీ సుమారు 32 సెం.మీ. దాకానే సరిపోతుంది. అంతకన్నా లావుగా ఉంటే పెద్ద పట్టీ విడిగా కొనాలి. బిగుతైన చిన్న పట్టీ ఉన్నదానికన్నా ఎక్కువ బీపీ చూపిస్తుంది. గురక జబ్బు ఉన్నవాళ్ళలో లావు చేతులవాళ్ళు ఎక్కువ కాబట్టి ఈ పొరపాటు మనకే ఎక్కువ తగులుతుంది.

ఏడు రోజులకు 28 రీడింగులు వస్తాయి. మొదటి రోజువి నాలుగూ కొట్టేయండి, కొత్తలో ఉండే టెన్షన్ వాటిలో కలిసి ఉంటుంది. మిగిలిన 24కు పై అంకెల సగటు, కింది అంకెల సగటు విడివిడిగా తీయండి. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటితే బీపీ అదుపులో లేనట్టు. తర్వాత పొద్దున సగటు వేరుగా, రాత్రి సగటు వేరుగా లెక్కేయండి. పొద్దుటిదే పదేపదే ఎక్కువగా కనిపిస్తుంటే రాత్రిపూట ఏం జరుగుతోందో చూడాల్సిన అవసరం ఇంకా పెరిగినట్టు.

జాగ్రత్త: 180/120 దాటి, దాంతోపాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, మాట తడబడటం, చేయి లేదా కాలు పట్టు తప్పడం లాంటివి ఉంటే సగటులు లెక్కపెడుతూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

2. రాత్రి సాక్ష్యం సంపాదించండి

మా ఆవిడ నాలుగేళ్ళు చెప్పింది, నేను నమ్మలేదు. చివరికి ఒక తెల్లవారుజామున ఫోన్లో వీడియో తీసింది. చీకట్లో ఏమీ సరిగా కనపడదు. ఫ్యాను చప్పుడు, నా గురక. ఉన్నట్టుండి గురక ఆగిపోయింది. "ఆగింది" అని మెల్లగా అని, లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పన్నెండు, పదమూడు... పొట్ట లేస్తోంది, పడుతోంది, ముక్కు నుంచి చప్పుడు లేదు. ఇరవై ఆరు దగ్గర నేను నీళ్ళలోంచి పైకి తేలినవాడిలా గర్రుమని ఊపిరి లాగాను. లెక్కపెడుతున్న ఆ గొంతులో వణుకు విన్నాక ఇంకేం వాదిస్తాను?

మీరూ అదే చేయండి. ఫోన్‌ను ఛాతీ, పొట్ట కనపడేలా పక్క నుంచి పెట్టాలి, చిన్న బెడ్ లైటు ఉంటే మంచిది. పడుకోగానే తీసిన వీడియో పనికిరాదు. కలలొచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువ, చాలామందిలో ఊపిరి ఎక్కువగా ఆగేది అప్పుడే. అందుకని 3 నుంచి 5 మధ్య, అందులోనూ వెల్లకిలా పడుకున్నప్పుడు తీయించండి. పది నిమిషాలు చాలు.

చూడాల్సింది గురక ఎంత పెద్దదని కాదు, మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని. గురక, నిశ్శబ్దం, గర్రుమనే ఊపిరి, మళ్ళీ గురక. నిశ్శబ్దం పది సెకన్లు దాటితే లెక్కలోకి వస్తుంది. ఒంటరిగా ఉండేవాళ్ళు ఫోన్లో రాత్రంతా చప్పుడు రికార్డు చేసుకోవచ్చు. స్మార్ట్ వాచ్ "ఆక్సిజన్ తగ్గింది" అంటే దాన్ని అనుమానం కిందే తీసుకోండి. "అంతా బాగుంది" అన్నా పూర్తిగా నమ్మొద్దు.

మిగతా గుర్తులు పగటివి. నోరు పిడచకట్టుకుపోయి లేవడం, పొద్దుటి తలబరువు, పేపరు చదువుతూ కునికిపాట్లు, మతిమరుపు, చిరాకు. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తుంటే షుగరో, ప్రోస్టేటో అనుకుంటాం. అవీ చూపించుకోవాలి, కానీ దీనివల్ల కూడా అలా జరుగుతుంది.

ఆడవాళ్ళకు ఒక మాట. గురక మగవాళ్ళ జబ్బన్న భ్రమ మీ పరీక్షను ఏళ్ళ తరబడి వెనక్కి నెడుతుంది. ముట్లు ఆగాక ఈ జబ్బు అవకాశం బాగా పెరుగుతుంది. మీలో అది గురక కన్నా నిద్ర పట్టకపోవడంగా, ఎప్పుడూ నీరసంగా కనిపించవచ్చు. సిగ్గుపడి గురక సంగతి డాక్టరుకు చెప్పని అమ్మలు, అత్తలు చాలామంది. పక్కన ఉన్నవాళ్ళు చెప్పాలి.

3. ఎనిమిది ప్రశ్నలకు మార్కులు వేసుకోండి

2008లో టొరంటోలో ఫ్రాన్సెస్ చంగ్ బృందం, ఆపరేషన్‌కు వచ్చే రోగులను వడపోయడానికి ఈ ప్రశ్నావళిని తయారుచేసింది. పేరు స్టాప్-బ్యాంగ్. అవునంటే ఒక మార్కు.

- తలుపు వేసినా వినిపించేంత గురక ఉందా?
- పగలు అలసట, నిద్రమత్తు ఉంటున్నాయా?
- నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా?
- బీపీ ఉందా, లేదా బీపీకి మందు వాడుతున్నారా?
- బీఎంఐ 35 దాటిందా? (కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించండి.)
- వయసు 50 దాటిందా?
- మెడ చుట్టుకొలత 40 సెం.మీ. దాటిందా? గొంతు ముడి దగ్గర టేపు పెట్టి కొలవండి.
- మగవారా?

2 దాకా వస్తే అవకాశం తక్కువ, 3 లేదా 4 అయితే మధ్యస్థం, 5 నుంచి పైన ఎక్కువ. యాభై దాటిన బీపీ ఉన్న మగవాడికి గురక లేకుండానే 3 మార్కులు వచ్చేస్తాయి, గమనించారా? గురక కూడా ఉంటే 4. పరీక్ష అడగడానికి అది చాలు.

బీఎంఐ 35 అన్నది మనవాళ్ళకు పెద్ద అంకె. మన దగ్గర అంత లావు లేకుండానే, దవడ చిన్నదిగా, వెనక్కి ఉండి, పొట్ట మాత్రం ఉన్నవాళ్ళకు ఈ జబ్బు వస్తుంటుంది. "నేను సన్నగానే ఉన్నాను కదా" అని ఆగిపోవద్దు.

4. డాక్టరు దగ్గరకు చేతిలో కాగితంతో వెళ్ళండి

ముందు మీ బీపీ డాక్టరు దగ్గరకే వెళ్ళండి. ఏడు రోజుల పట్టిక, వీడియో, మార్కులు, మందుల జాబితా ముందు పెట్టండి. ఐదు నిమిషాల ఓపీలో కథంతా చెప్పడం కుదరదు, కాగితం చెప్తుంది.

మాత్రలు నిజంగా రోజూ వేసుకుంటున్నారో లేదో ఆయన అడిగితే నిజం చెప్పండి. వారానికి రెండు రోజులు మర్చిపోయే మనిషికి నాలుగో మాత్ర రాయించుకోవడం ఎవరికీ మంచిది కాదు. డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు, జలుబుకు వాడే ముక్కుదిబ్బడ మాత్రలు, స్టెరాయిడ్లు బీపీని పెంచుతాయి. నాకు తెలిసిన ఒకాయన బీపీ సగం మోకాళ్ళ నొప్పి మాత్రల పుణ్యమేనని మూడేళ్ళకు తేలింది.

మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మాత్ర ఒకటి ఉండేలా మూడు మందులు సరైన మోతాదులో వేసుకుంటున్నా బీపీ దిగకపోతే, దాన్ని మందులకు లొంగని బీపీ అంటారు. అలాంటివాళ్ళలో సగానికి పైగా మందికి స్లీప్ అప్నియా ఉంటుందని పలు పరిశీలనల్లో తేలింది. కాబట్టి ఈ రెండు ప్రశ్నలు మీరే అడగండి: "నాకు నిద్ర పరీక్ష అవసరమా?", "24 గంటల బీపీ పరీక్ష చేయిద్దామా?"

ఆ రెండో పరీక్షలో జబ్బకు పట్టీ కట్టి ఇంటికి పంపిస్తారు. పగలూ రాత్రీ అదే కొలుస్తుంటుంది. మామూలుగా రాత్రి బీపీ పగటి కన్నా 10 నుంచి 20 శాతం తగ్గాలి. మీకు తగ్గకపోయినా, పైగా పెరిగినా గురక మీద అనుమానం గట్టిపడుతుంది. క్లినిక్‌లో పదకొండింటికి చూసే బీపీకి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. కిడ్నీ, పొటాషియం, థైరాయిడ్, ఆల్డోస్టెరాన్ (ఒంట్లో ఉప్పును నిలిపి ఉంచే హార్మోను) పరీక్షలు అవసరమో కాదో కూడా అడగండి. దొంగ ఒక్కడే ఉండాలని లేదు.

నిద్ర పరీక్షకు ఊపిరితిత్తుల డాక్టరు గానీ, నిద్ర జబ్బుల్లో అనుభవమున్న ఈఎన్‌టీ డాక్టరు గానీ పంపుతారు.

5. నిద్ర పరీక్ష: ఆ ఒక్క రాత్రి పాడు చేసుకోకండి

ఇంట్లో చేసేది, ల్యాబ్‌లో పడుకుని చేయించుకునేది అని రెండు రకాలు. గట్టి అనుమానం ఉండి, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు పెద్దగా లేనివాళ్ళకు ఇంటి పరీక్ష చాలు. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు ల్యాబ్‌కే వెళ్ళాలి.

ఆ రోజు తలంటు పోసుకుని, తలకు నూనె రాయకుండా వెళ్ళండి. నూనె జుట్టు మీద వైర్లు అతుక్కోవు, అర్ధరాత్రి ఊడిపోతాయి. ఆక్సిజన్ చూసే క్లిప్పును ముదురు గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టించుకోండి. మధ్యాహ్నం కునుకు తీయొద్దు, సాయంత్రం నుంచి కాఫీ, టీ వద్దు. "నిద్ర పడుతుందో లేదో" అని మీ అంతట మీరు నిద్రమాత్ర వేసుకోవద్దు. రోజూ వేసుకునే బీపీ మాత్రలు మామూలుగానే వేసుకోండి.

రిపోర్టు పది పేజీలుంటుంది. మీరు చూడాల్సినవి నాలుగే. మొదటిది ఏహెచ్ఐ, అంటే గంటకు ఎన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా బాగా తగ్గింది అన్నది. 5 లోపు మామూలు, 5 నుంచి 15 స్వల్పం, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. రెండోది, ఆక్సిజన్ ఎంత కిందికి పడింది. మూడోది, 90 శాతం కన్నా తక్కువగా ఎంతసేపు ఉంది. నాలుగోది, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎంత, పక్కకు తిరిగినప్పుడు ఎంత.

ఇంటి పరీక్షలో ఒక తిరకాసు ఉంది. మీరు నిజంగా నిద్రపోయిన సమయాన్ని చాలా మిషన్లు కొలవలేవు, మిషన్ నడిచిన మొత్తం సమయంతో భాగిస్తాయి. సగం రాత్రి మేలుకుని ఉంటే అంకె తక్కువగా వస్తుంది. వీడియోలో ఊపిరి ఆగడం స్పష్టంగా కనిపిస్తూ రిపోర్టు "నార్మల్" అంటే, ల్యాబ్ పరీక్ష అడగండి.

6. మిషన్ కొనే ముందు, కొన్న తర్వాత

మధ్యస్థం, తీవ్రం అని తేలినవాళ్ళకు మొదటి చికిత్స సీపాప్. గొట్టం ద్వారా కొంచెం ఒత్తిడితో గాలి పంపి గొంతు మూసుకుపోకుండా పట్టి ఉంచుతుంది, అంతే. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ దీన్ని తొలిసారి లోకానికి చూపించాడు. తొలి మిషన్లలో వాక్యూమ్ క్లీనర్ మోటారు వాడారట! ఇప్పటివి ఫ్యాను కన్నా తక్కువ చప్పుడు చేస్తాయి.

వెంటనే కొనొద్దు. వారం పది రోజులు అద్దెకో, ట్రయల్‌కో ఇవ్వమని అడగండి, చాలాచోట్ల ఇస్తారు. ధర పదుల వేలల్లో ఉంటుంది కాబట్టి ఇన్సూరెన్సువాళ్ళను ముందే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. సెకండ్ హ్యాండ్ మిషన్ చౌకగా వస్తుందంటే ఒక సంగతి గుర్తుంచుకోండి: 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ, లోపల వాడిన ఫోమ్ అరిగి పొడి రాలే ప్రమాదం ఉందని లక్షలాది పాత మిషన్లను వెనక్కి పిలిచింది. సీరియల్ నంబరు చూడకుండా ఏదీ తీసుకోవద్దు.

ఇక అసలు కష్టం మాస్కు. నాకు మొదట అమ్మిన దుకాణంవాళ్ళు ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్కు, అదీ లార్జ్ సైజు అంటగట్టారు. రెండు వారాలు కళ్ళలోకి గాలి కొట్టింది. కారకుండా పట్టీలు బిగించాను, బుగ్గల మీద చారలు పడ్డాయి, పొద్దున ఆఫీసులో "ఎవరితో కొట్లాట?" అన్నారు. ముక్కుకు మాత్రమే పెట్టే మీడియం మాస్కు మార్చాక మూడో రాత్రికే ఆరు గంటలు పడుకున్నాను. మిషన్ పాడైందని, ఒత్తిడి ఎక్కువైందని అనుకునే ముందు మాస్కునే అనుమానించండి.

మొదటి రెండు వారాలు ఇలా చేయండి. మొదటి మూడు రోజులు పగలే, టీవీ చూస్తూ, మిషన్ ఆన్ చేసి అరగంట పెట్టుకోండి. ముక్కుతోనే గాలి పీల్చండి. తర్వాత మధ్యాహ్నం పడుకునేటప్పుడు, ఆ తర్వాత రాత్రి. గాలి మెల్లగా మొదలై పెరిగే ర్యాంప్ సెట్టింగ్ ఉంటుంది, పెట్టించుకోండి. మాస్కును కూర్చుని కాకుండా, పడుకుని, గాలి వస్తుండగా సర్దుకోవాలి. పడుకున్నప్పుడు ముఖం ఆకారం మారుతుంది. పట్టీ కింద రెండు వేళ్ళు దూరేంత వదులు ఉండాలి.

ఎదురయ్యే చిక్కులు, వాటికి మందు:

- నోరు ఎండిపోతోంది: నిద్రలో నోరు తెరుస్తున్నారు. తడి గాలి పంపే హ్యూమిడిఫయర్ పెంచండి. తగ్గకపోతే గడ్డానికి పట్టీ, అదీ కాకపోతే నోరు కూడా కప్పే మాస్కు.
- ముక్కు దిబ్బడ: పడుకునే ముందు ఉప్పునీటి స్ప్రే. తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. ముక్కు వెంటనే తెరిచే చుక్కల మందు రోజుల తరబడి వాడితే దిబ్బడ ఇంకా పెరుగుతుంది.
- మాస్కు అంచు నుంచి గాలి కారుతోంది: ముఖం మీద జిడ్డు వల్ల జారుతోంది. పడుకునే ముందు సబ్బుతో ముఖం కడగండి, క్రీములు, నూనెలు వద్దు. మాస్కు మెత్తను కూడా రోజూ సబ్బు నీటితో కడగాలి. ఒత్తు మీసం ఉంటే కొంచెం కత్తిరించుకోవాలి, లేదా ముక్కు రంధ్రాలకు పెట్టే చిన్న పిల్లో మాస్కు చూడాలి. నేను మీసం కత్తిరించలేదు, మాస్కే మార్చాను.
- గొట్టంలో నీళ్ళు చేరి గుడగుడలాడుతోంది: ఏసీ చల్లదనానికి ఆవిరి నీరవుతోంది. మిషన్‌ను మంచం కన్నా కిందుగా పెట్టి, గొట్టాన్ని దుప్పటి కిందుగా తీసుకురండి.
- కడుపు ఉబ్బరం: గాలి మింగుతున్నారు. ఒత్తిడి చూడమని డాక్టరును అడగండి, మీ అంతట మీరు మార్చొద్దు.

నీళ్ళ సంగతి. బోరు నీళ్ళు పోస్తే వారానికే పాత్ర అడుగున తెల్లటి పొర కడుతుంది. డిస్టిల్డ్ వాటరే పోయండి. మిగిలినవి పొద్దున్నే పారబోసి ఆరబెట్టండి.

కరెంటు పోతే? మాస్కుకు గాలి బయటకు పోయే దారులుంటాయి, ఊపిరాడక పోతామన్న భయం వద్దు. మెలకువ వస్తుంది, తీసేసి పక్కకు తిరిగి పడుకోండి. ఇన్వర్టర్ ఉంటే ఇబ్బందే లేదు. దాని మీద నడిచేటప్పుడు హ్యూమిడిఫయర్ ఆపితే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది.

7. మిషన్ పడనివాళ్ళకు, జబ్బు స్వల్పంగా ఉన్నవాళ్ళకు

కింది దవడను ముందుకు లాగి పట్టే పళ్ళ క్లిప్పు ఒకటుంది. ఈ పనిలో అనుభవమున్న పళ్ళ డాక్టరు కొలతలు తీసి చేస్తారు. స్వల్ప, మధ్యస్థ స్థాయిలో బాగా పనిచేస్తుంది. ఆన్‌లైన్లో వచ్చే వేడినీళ్ళలో ముంచి కొరికే రకం దీనికి సాటి రాదు.

రిపోర్టులో వెల్లకిలా ఉన్నప్పుడే ఎక్కువని ఉంటే పక్కకు తిరిగి పడుకోవడమే సగం చికిత్స. పాత బనియను వీపు మీద జేబు కుట్టించి టెన్నిస్ బంతి పెట్టుకోండి. నవ్వులాటగా ఉన్నా పనిచేస్తుంది.

బరువు తగ్గడం అందరికీ వర్తిస్తుంది. పది శాతం తగ్గితే ఆటంకాలు దాదాపు పావు వంతు తగ్గుతాయని విస్కాన్సిన్ లెక్కలే చెప్పాయి. ఊబకాయంతో పాటు మధ్యస్థ, తీవ్ర స్లీప్ అప్నియా ఉన్నవాళ్ళకు బరువు తగ్గించే టిర్జెపటైడ్ ఇంజెక్షన్‌ను 2024 డిసెంబరులో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. డాక్టరు చూసి రాస్తేనే వాడండి, పక్కింటివాళ్ళు వాడారని కాదు.

పనికిరానివి: గురక ఉంగరాలు, అయస్కాంతం క్లిప్పులు. ముక్కు మీద అంటించే పట్టీలు ముక్కుకు హాయినిస్తాయేమో గానీ, మూసుకుపోయేది గొంతు.

రాత్రిపూట మద్యం తాగే అలవాటుంటే అది గొంతును ఇంకా వదులు చేస్తుంది. డాక్టరుకు చెప్పకుండా వాడే నిద్రమాత్రలూ అంతే. ఉప్పు సంగతి మీకు తెలిసిందే, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు. కూరలో తగ్గించి, పక్కన అప్పడం, చల్ల మిరపకాయ, ఆవకాయ పెట్టుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది.

8. ఫలితం ఎలా చూసుకోవాలి

మిషన్ తెర మీద, లేదా దాని యాప్‌లో మూడు అంకెలు వారానికోసారి చూడండి: ఎన్ని గంటలు వాడారు, గాలి ఎంత కారుతోంది, మిగిలిన ఏహెచ్ఐ ఎంత. చివరిది 5 లోపు ఉండాలి. గంటలు బాగానే ఉండి ఏహెచ్ఐ తగ్గకపోతే, దాచుకోకుండా డాక్టరుకు చూపించండి.

"రోజుకు నాలుగు గంటలు చాలట కదా" అని చాలామంది అంటారు. పేషెంటు మిషన్ వాడుతున్నాడని లెక్కలో రాసుకోవడానికి పెట్టుకున్న కనీస గీత అది. పన్నెండింటికి పెట్టుకుని నాలుగింటికి తీసేస్తే, ఊపిరి ఎక్కువగా ఆగే తెల్లవారుజాము మొత్తం మాస్కు లేకుండా పోతుంది. బాత్రూమ్‌కి లేచి వచ్చాక మళ్ళీ పెట్టుకోకపోవడమే అందరూ చేసే తప్పు. నేను గొట్టాన్ని మాస్కు దగ్గర ఊడదీసి, మాస్కు ముఖం మీదే ఉంచుకుని వెళ్ళొస్తాను. దారిలో అద్దం వైపు చూడను.

బీపీని మూడు నెలల తర్వాత, మొదటి అంచెలో చెప్పినట్టే, అదే మిషన్‌తో, అదే పట్టీతో ఏడు రోజులు చూసి పాత సగటుతో పోల్చండి. రోజూ చూసుకుని నిరాశపడొద్దు. ఎంత తగ్గుతుందో ముందే తెలుసుకోండి: అందరినీ కలిపితే సగటున 2 నుంచి 3 పాయింట్లు. మందులకు లొంగని బీపీ ఉన్నవాళ్ళ మీద స్పెయిన్‌లో చేసి 2013లో ప్రచురించిన పరిశోధనలో కూడా 24 గంటల సగటు 3 పాయింట్లే తగ్గింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ అందులో మిషన్ ఎక్కువ గంటలు పెట్టుకున్నవాళ్ళకు ఎక్కువ తగ్గింది, రాత్రి దిగాల్సిన బీపీ మళ్ళీ దిగడం మొదలైనవాళ్ళూ ఎక్కువగానే ఉన్నారు. నా మటుకు పొద్దుటి సగటు 152 నుంచి 138కి వచ్చింది, కానీ అదే ఏడాది ఏడు కిలోలు కూడా తగ్గాను. ఏది ఎంత చేసిందో విడదీసి చెప్పలేను.

మాత్రలు మానేయొచ్చా అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు ఒకటే, మీ అంతట మీరు మానొద్దు. మిషన్ మాత్రలకు బదులు కాదు. లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతుంటే, ఇంటి సగటు బాగా కిందికి వస్తుంటే పట్టిక తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్ళండి. తగ్గించాల్సిన సమయం వచ్చిందేమో ఆయనే చూస్తారు.

మర్చిపోకూడనివి మరో రెండు

బండి నడుపుతూ ఒక్కసారైనా తూగితే, చికిత్స కుదిరేదాకా హైవే మీద స్టీరింగ్ పట్టొద్దు. లారీ, బస్సు, క్యాబ్ నడిపేవాళ్ళు ఉద్యోగం పోతుందని దాస్తారు. భయం నిజమే. కానీ వైద్యం చేయించుకుంటే ఈ మత్తు వదిలిపోతుంది, ఆ పనే ముందు చేయండి.

ఏ ఆపరేషన్‌కైనా, చివరికి కంటి శుక్లానికైనా సరే, మత్తు డాక్టరుకు "నాకు స్లీప్ అప్నియా ఉంది, మిషన్ వాడతాను" అని ముందే చెప్పండి. మత్తు మందులు, బలమైన నొప్పి మందులు గొంతును వదులు చేస్తాయి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు బట్టల సంచీతో పాటు మిషన్, మీ మాస్కు, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి పెట్టుకోండి. నేనున్న వార్డులో ప్లగ్గు మంచానికి ఆరడుగుల దూరంలో ఉంది.